పాయింట్ల పట్టిక దాటి చూడాల్సిన హౌస్

జూన్‌లో బడి తెరవగానే పిల్లల చేతికి కొత్త పుస్తకాలతోపాటు ఒక రంగు కూడా వస్తుంది. ఎరుపో, పసుపో, నీలమో, ఆకుపచ్చో. ఆ రంగు టీషర్టు కొనమని ఇంటికి కబురొస్తుంది. ఆటల పోటీల నాడు ఆ రంగు జెండా కింద కేరింతలు కొడతారు. ఏడాది చివర ఏదో ఒక హౌస్‌కు ట్రోఫీ దక్కుతుంది. చాలామంది తల్లిదండ్రులకు తెలిసిన హౌస్ వ్యవస్థ ఇంతవరకే. చాలా యాజమాన్యాలు కూడా అంతకు మించి ఆలోచించవు. కానీ ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి చదివే ఉన్నత పాఠశాలలో, అందులోనూ ఒకే ఆవరణలో ఉండి చదివే చోట, హౌస్ చేయగల పని చాలా పెద్దది. ఆ పని జరగకపోతే పిల్లలకు కలిగే నష్టమూ పెద్దదే.

ఈ విషయాన్ని పరిశీలించడానికి జవహర్ నవోదయ విద్యాలయాలను మించిన ఉదాహరణ లేదు. 1985-86లో హర్యానాలోని ఝజ్జర్‌లోనూ, మహారాష్ట్రలోని అమరావతిలోనూ ప్రయోగాత్మకంగా రెండు బడులతో మొదలైన ఈ వ్యవస్థ, 1986 జాతీయ విద్యా విధానంతో దేశమంతటా విస్తరించింది. 2024 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం మరో 28 విద్యాలయాలను మంజూరు చేసింది. వాటిలో ఏడు తెలంగాణకు వచ్చాయి. ఆరో తరగతిలో ప్రవేశ పరీక్ష, 80 సీట్లు, పన్నెండో తరగతి దాకా ఉచిత వసతి, భోజనం. సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ విద్యార్థులకు, కనీసం మూడో వంతు ఆడపిల్లలకు. వచ్చిన పిల్లలందరినీ నాలుగు హౌస్‌లుగా విభజిస్తారు: ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి. లేపాక్షిలోనైనా, వర్గల్‌లోనైనా, పెద్దాపురంలోనైనా, ఏ ఉత్తరాది జిల్లాలోనైనా అవే నాలుగు పేర్లు.

ఎక్కడ పుట్టింది, ఎలా మారింది

హౌస్ వ్యవస్థ ఇంగ్లండు రెసిడెన్షియల్ బడుల నుంచి వచ్చింది. ఊళ్లోని అద్దె ఇళ్లలో, యజమానురాళ్ల సంరక్షణలో ఉండే విద్యార్థులను క్రమంగా ఉపాధ్యాయుల బాధ్యత కిందికి తెచ్చారు. 1828 నుంచి 1842లో మరణించేదాకా రగ్బీ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న థామస్ ఆర్నాల్డ్ ఈ మార్పులో ముఖ్యుడు. తరగతిలో పాఠం చెప్పే గురువే రాత్రి వేళ పిల్లల మంచిచెడ్డలు చూడాలన్నది అక్కడి ఆలోచన. అంటే మొదట్లో హౌస్ ఒక సంరక్షణ ఏర్పాటు. పోటీలు, కప్పులు తర్వాత వచ్చి చేరాయి. వసతి లేని బడులు కూడా ఈ పద్ధతిని అరువు తెచ్చుకున్నప్పుడు సంరక్షణ భాగం జారిపోయి పోటీ భాగం మాత్రమే మిగిలింది. ఇవాళ మన పట్టణాల్లోని బడుల్లో కనిపించేది ఈ మిగిలిన సగమే.

మన దేశానికి వచ్చినప్పుడు హౌస్‌లకు పెట్టిన పేర్లే ఆయా కాలాల చరిత్ర చెబుతాయి. 1875లో అజ్మీరులో ఏర్పడిన మేయో కళాశాలలో జైపూర్, జోధ్‌పూర్ వంటి సంస్థానాలు తమ రాకుమారుల కోసం తమ పేర్లతోనే హౌస్‌లు కట్టించాయి. ఏ సంస్థానం వాడు ఆ సంస్థానం హౌస్‌లోనే. 1935లో డెహ్రాడూన్‌లో మొదలైన డూన్ స్కూల్‌లో హైదరాబాద్, కాశ్మీర్, టాటా వంటి పేర్లు హౌస్‌లకు వచ్చాయి. వాటి వెనక ఉన్నది దాతల ధనం. నవోదయ మాత్రం తన హౌస్‌లకు కొండల పేర్లు పెట్టుకుంది. ఆ పేర్లలో కులం లేదు, సంస్థానం లేదు, చందా ఇచ్చినవారి గొప్పా లేదు. రైతుకూలీ బిడ్డ, గుమాస్తా బిడ్డ, తండా నుంచి వచ్చిన బిడ్డ ఒకే పేరు కింద చేరగలిగేలా ఈ దేశం చేసుకున్న ఏర్పాటు అది.

ఈ ఏర్పాటు వెనక తెలుగు నేల అనుభవం కూడా ఉంది. 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకుల పాఠశాల, మరుసటి ఏడాది అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలోనూ గుంటూరు జిల్లా తాడికొండలోనూ వచ్చిన గురుకులాలు పల్లె పిల్లలకు నాణ్యమైన వసతి చదువు అందించవచ్చని నిరూపించాయి. అప్పటి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావే 1986 విద్యా విధానం నాటికి కేంద్రంలో మానవ వనరుల అభివృద్ధి శాఖ మంత్రి. సర్వేల్ నుంచి నవోదయ దాకా నడిచిన ఆలోచన ఒక్కటే: పేదరికం వల్ల ఏ పిల్లా, ఏ పిల్లవాడూ మంచి బడికి దూరం కాకూడదు.

విడదీసే సెక్షన్, కలిపే హౌస్

మన రెండు రాష్ట్రాల్లో గత ముప్ఫై, నలభై ఏళ్లుగా పెరిగిన కార్పొరేట్ చదువు పిల్లలను మార్కుల ప్రకారం విడదీయడాన్నే పద్ధతిగా మార్చింది. నెలనెలా పరీక్ష పెట్టి, వచ్చిన మార్కులను బట్టి సెక్షన్ మారుస్తారు. పై సెక్షన్‌కు మంచి అధ్యాపకులు, కింది సెక్షన్‌కు మిగిలినవారు. ఆరో తరగతి పిల్లవాడికి కూడా తానెక్కడ నిలబడ్డాడో తెలిసిపోతుంది. ఆ చోటు నుంచి కిందికి జారిన రోజు అతడి స్నేహితులూ మారిపోతారు.

హౌస్ నడిచేది దీనికి సరిగ్గా ఎదురు దిశలో. ఒక నవోదయ హౌస్‌లో ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా అన్ని వయసుల వాళ్లూ ఉంటారు. లెక్కల్లో ఆరితేరినవాడు, కబడ్డీలో మెరిసేవాడు, నోరు విప్పాలంటే జంకేవాడు ఒకే జట్టు. వారంవారం ఒక హౌస్ ఉదయపు అసెంబ్లీ బాధ్యత తీసుకుంటుంది. ప్రార్థన, వార్తలు, నేటి ఆలోచన, ప్రసంగం, పాట అన్నీ ఆ హౌస్ పిల్లలే నిర్వహించాలి. వంతు వస్తుంది కాబట్టి జంకేవాడు కూడా ఏదో ఒక నాడు మైకు ముందుకు రాక తప్పదు. అతడిని సిద్ధం చేయడం హౌస్‌లోని పెద్దపిల్లల పని. ఇంటి నుంచి వచ్చిన మొదటి వారాల్లో దిగులుతో అన్నం ముట్టని పదకొండేళ్ల పిల్లను మెస్‌కు తీసుకెళ్లేది తొమ్మిదో తరగతి అక్క. పక్క సర్దుకోవడం, బట్టలు ఉతుక్కోవడం నేర్పేది పదో తరగతి అన్న. ఏ పాఠ్యప్రణాళికలోనూ లేని ఈ చదువును ఇంకెక్కడా సంపాదించలేం.

నవోదయలో ఇంకో విశిష్టత వలస విధానం. తొమ్మిదో తరగతిలో దాదాపు 30 శాతం విద్యార్థులు ఏడాదిపాటు వేరే భాషా ప్రాంతంలోని విద్యాలయానికి వెళ్లి చదువుతారు. మన పిల్లలు హిందీ ప్రాంతాలకు, అక్కడివారు మన దగ్గరికి. పద్నాలుగేళ్ల వయసులో భాష రాని చోట, తిండి అలవాటు లేని చోట అడుగుపెట్టిన పిల్లకు మొదట ఆసరా ఇచ్చేది తరగతి గది కాదు, డార్మిటరీలో పక్క మంచం పిల్ల. అక్కడా నీలగిరి ఉంది, ఇక్కడా నీలగిరి ఉంది అన్న చిన్న పరిచయం కూడా ఆ వయసులో ధైర్యాన్నిస్తుంది. జాతీయ సమైక్యత గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా రాని అవగాహన, ఏడాదిపాటు పరాయి భాషవారితో ఒకే గదిలో ఉంటే వస్తుంది.

ఆడపిల్లలూ మగపిల్లలూ

మన గురుకులాల్లో అత్యధికం బాలురకు, బాలికలకు వేర్వేరు. ఆడపిల్లను వసతి బడికి పంపడానికి భయపడే కుటుంబాలకు బాలికల గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు తలుపులు తెరిచాయి. ఆ మేలు చిన్నది కాదు. అయినా, కలిసి చదివే బడి వేరే మేలు చేస్తుంది. పన్నెండేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఎదుటివారిని మనుషులుగా ఎరగకుండా పెరిగిన పిల్లలు, కాలేజీలోనూ ఉద్యోగంలోనూ ఒక్కసారిగా కలిసినప్పుడు అపరిచితుల్లాగే ప్రవర్తిస్తారు. 2021-22 నుంచి సైనిక పాఠశాలలన్నిటిలోనూ బాలికలకు ప్రవేశం కల్పించారు. దాంతో 1962 నుంచి బాలురకే పరిమితమైన కోరుకొండ వంటి చోట కూడా ఈ ప్రశ్న ముందుకొచ్చింది: ప్రవేశం ఇచ్చాం, మరి కలిసి బతకడం ఎలా నేర్పాలి?

తరగతి గది ఆ పనిని పూర్తిగా చేయలేదు. అక్కడ ఒక వైపు ఆడపిల్లలు, మరో వైపు మగపిల్లలు కూర్చుంటారు. ఇద్దరి చూపూ బోర్డు మీదే. హౌస్‌లో మాత్రం ఇద్దరూ కలిసి ఒక పని పూర్తి చేయాలి. గోడపత్రిక తేవాలి, నాటకం వేయాలి, క్విజ్‌కు సిద్ధం కావాలి, వార్షికోత్సవానికి వేదిక అలంకరించాలి. వసతి ఎలాగూ వేర్వేరుగానే ఉంటుంది, ఉండాలి కూడా. పనిమాత్రం ఉమ్మడిది. ఎవరి చేతిరాత బాగుంది, ఎవరికి లెక్క తెలుసు, ఎవరి మాట నలుగురూ వింటారు అన్నవి తేలేది ఇలాంటి పనుల్లోనే. ఆడపిల్ల ఆజ్ఞ ఇస్తే మగపిల్లవాడు పాటించడం, మగపిల్లవాడు వేదిక ఊడ్చి ముగ్గుకు చోటు సిద్ధం చేయడం ఇక్కడే మామూలు సంగతి అవుతుంది.

అయితే ఇది తనంతట తాను జరగదు. ఆడపిల్లల వాటా మూడో వంతే ఉన్న చోట హౌస్ కెప్టెన్ అంటే మగపిల్లవాడు, ఆడపిల్లలకు ‘గర్ల్స్ కెప్టెన్’ అన్న పక్క పదవి అనే ధోరణి తేలిగ్గా పాతుకుపోతుంది. ఆటల పాయింట్లు మగపిల్లలవి, రంగవల్లుల పాయింట్లు ఆడపిల్లలవి అని పని కూడా పంచేస్తారు. అప్పుడు హౌస్ సమాజంలోని పాత అలవాటునే మళ్లీ నేర్పుతుంది. కలిసి చదివే బడి పెట్టి ఇలా చేయడం ఆ బడి ఉద్దేశాన్నే వమ్ము చేసుకోవడం.

పోటీ ఎంతవరకు?

హౌస్ అంటే గుంపు. గుంపు అన్నాక ‘మనం’ ఉంటుంది, ‘వాళ్లు’ కూడా ఉంటారు. ఈ ప్రమాదాన్ని 1954లోనే ఒక ప్రసిద్ధ అధ్యయనం చూపించింది. మనస్తత్వ శాస్త్రవేత్త ముజఫర్ షెరీఫ్, ఆయన సహచరులు అమెరికాలోని ఓక్లహామాలో, రాబర్స్ కేవ్ పార్కులో ఒక వేసవి శిబిరం నడిపారు. పదకొండేళ్ల వయసున్న 22 మంది అబ్బాయిలను రెండు జట్లుగా విడదీశారు. బేస్‌బాల్, తాడు లాగుడు వంటి పోటీలు పెట్టి గెలిచినవారికి బహుమతులు ప్రకటించారు. కొద్ది రోజుల్లోనే ఒకరి జెండాను ఒకరు కాల్చారు, గదుల మీద దాడులు చేశారు. తర్వాత నీటి సరఫరా ఆగిపోవడం, సామాను తెచ్చే లారీ మొరాయించడం వంటి, ఇద్దరూ కలిస్తే తప్ప తీరని ఇబ్బందులు కల్పించాక వైరం సద్దుమణిగింది.

అంతకన్నా విలువైన పాఠం అదే షెరీఫ్ బృందం 1953లో న్యూయార్క్ రాష్ట్రంలో చేసి, మధ్యలో విరమించుకున్న ప్రయత్నంలో ఉంది. అక్కడ పిల్లలను ముందు కలిపి ఉంచి, స్నేహాలు కుదిరాక జట్లుగా విడదీశారు. ఎంత రెచ్చగొట్టినా వారు శత్రువులు కాలేదు. మన బడులకు ఇందులో స్పష్టమైన సూచన ఉంది. హౌస్‌ల పోటీ కన్నా ముందు బడి అంతటినీ కలిపే పనులు ఉండాలి. పోటీ వాటి మధ్యలో వచ్చి పోవాలి. అలాగే అన్ని హౌస్‌లకూ అవసరమైన పని ఏదో ఒకటి ఏడాది పొడవునా సాగుతుండాలి. బడి తోట, మెస్‌లో తిండి వృథా కాకుండా చూడటం, చిన్నపిల్లలకు చదవడం నేర్పడం లాంటివి అందరూ కలిసి చేసేవి.

పోటీ లేకుండా హౌస్ నడవదా అన్న సందేహానికి జవాబు మదనపల్లె దగ్గరే దొరుకుతుంది. ఆ ఊళ్లోనే 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, పిల్లలను ఒకరితో ఒకరిని పోల్చడం చదువుకు చేటని చెప్పారు. ఆయన ఆలోచనతో నడిచే రిషీవ్యాలీ కూడా బాలబాలికలు కలిసి చదివే వసతి బడి. అక్కడా పిల్లలు ఇళ్లుగా ఉంటారు, ఇంటింటికీ సంరక్షక ఉపాధ్యాయులు ఉంటారు. ర్యాంకులకూ పోటీకీ పెద్దపీట వేయరు. అదే మదనపల్లె పక్కన వలసపల్లెలో నవోదయ ఉంది. వనరుల్లోనూ, పిల్లల నేపథ్యంలోనూ రెంటికీ తేడా ఎంతో. నవోదయ రిషీవ్యాలీలా మారాలని ఎవరూ కోరనక్కర్లేదు. కానీ హౌస్‌కు ప్రాణం పోటీ కాదని, పిల్లలను ఎరిగిన పెద్దలని ఆ పొరుగు బడి రుజువు చేస్తోంది.

పోటీ పేరిట జరిగే అన్యాయాల్లో ఒకదాన్ని మాత్రం వెంటనే ఆపాలి. ఒక పిల్లవాడు అసెంబ్లీకి ఆలస్యమైతే, యూనిఫాం మాసి ఉంటే, మార్కులు తగ్గితే హౌస్ మొత్తానికి పాయింట్లు కోసే పద్ధతి చాలా బడుల్లో ఉంది. ఇది క్రమశిక్షణ నేర్పుతుందని అనుకుంటారు. నిజానికి ఒక బలహీనుడి మీదికి వందమందిని ఉసిగొల్పడమే ఇది. ఆ రాత్రి డార్మిటరీలో ఆ పిల్లవాడికి ఎదురయ్యే మాటలు పాయింట్ల పట్టికలో కనిపించవు.

హౌస్ మాస్టర్ భుజాల మీద

వ్యవస్థ నిలబడేదీ కూలేదీ హౌస్ మాస్టర్ దగ్గరే. నవోదయలో ఆ బాధ్యత మోసేది ఉపాధ్యాయులే. పగలు తరగతులు, సాయంత్రం చదువు వేళల పర్యవేక్షణ, రాత్రి డార్మిటరీ, మధ్యలో జ్వరాలు, గొడవలు, ఇంటికి ఫోన్లు. నిబద్ధతతో పనిచేసే వారెందరో ఉన్నారు, వారి వల్లే వేలమంది పల్లె పిల్లలు జీవితంలో నిలదొక్కుకున్నారు. కానీ మనిషి ఓపికకూ హద్దు ఉంటుంది. సామర్థ్యం 560 మంది ఉన్న బడిని నాలుగుగా విడదీస్తే హౌస్‌కు 140 మంది. సీనియర్, జూనియర్‌గా, ఆడ, మగగా పంచుకున్నా, పాఠాలు చెప్పి అలసిన ఒక ఉపాధ్యాయుడు పదుల మంది పిల్లల మనసులో ఏముందో ఎలా పసిగట్టగలడు?

పసిగట్టలేకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. 2013 నుంచి 2017 దాకా అయిదేళ్లలో నవోదయ విద్యాలయాల్లో 49 మంది విద్యార్థులు ఆత్మహత్యలకు పాల్పడ్డారు. వారిలో సగం మంది దళిత, గిరిజన బిడ్డలు. ఈ లెక్క బయటికొచ్చినప్పుడు దేశం ఉలిక్కిపడింది, జాతీయ మానవ హక్కుల సంఘం స్పందించింది. ప్రతి మరణానికీ వేర్వేరు కారణాలు ఉంటాయి. ఏ ఒక్క వ్యవస్థ మీదా నింద మొత్తం వేయడం సరికాదు. అయినా ఆ పిల్లల్లో ప్రతి ఒక్కరికీ ఒక హౌస్ ఉంది. కష్టం చెప్పుకోవడానికి ఆ హౌస్‌లో ఎవరైనా ఉన్నారా అన్న ప్రశ్న నుంచి విద్యాశాఖ తప్పించుకోలేదు.

మరో ప్రమాదం పెద్దపిల్లల చేతిలోని అధికారం. ఆర్నాల్డ్ కాలపు ఇంగ్లండు బడుల్లోనే చిన్నవాళ్ల చేత సీనియర్లు చాకిరీ చేయించుకునే ఆచారం ఉండేది. పెద్దల పర్యవేక్షణ సడలిన ప్రతిచోటా అది తిరిగి తలెత్తుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. చట్టం ఫిర్యాదు అందాక పనిచేస్తుంది. ఫిర్యాదు దాకా రాకుండా చూసేది హౌస్‌లో ఉండే పెద్దమనిషి.

ఇప్పుడే ఎందుకు?

తెలంగాణ ప్రభుత్వం వేర్వేరు గురుకులాలను ఒకచోటికి తెచ్చే యంగ్ ఇండియా సమీకృత గురుకులాలకు 2024 అక్టోబరులో శంకుస్థాపన చేసింది. ఒక్కో ప్రాంగణంలో 2,560 మంది విద్యార్థులు ఉండేలా ప్రణాళిక. వర్గాలవారీగా విడిపోయిన పిల్లలను ఒకే ఆవరణలోకి తేవడం స్వాగతించాల్సిన అడుగు. కానీ అంతమంది ఉన్న చోట ఒక పిల్లవాడు మూడు రోజులు సరిగా తినకపోయినా ఎవరికీ తెలియకపోవచ్చు. భవనాల నమూనాలు గీసేటప్పుడే హౌస్‌ల నమూనా కూడా గీయాలి. 160 మందికి ఒక హౌస్ చొప్పున 16 హౌస్‌లు, ప్రతి హౌస్‌లో అన్ని తరగతుల, అన్ని సామాజిక వర్గాల పిల్లలు, ఒక్కో హౌస్‌లో ఇరవై మందికొక సంరక్షకులు. ఈ లెక్క కాగితం మీద ఉంటే గోడలు దానికి తగ్గట్టు లేస్తాయి. గోడలు లేచాక లెక్క వేస్తే మంచాల లెక్క మాత్రమే తేలుతుంది.

చేయాల్సినవి అసాధ్యమైనవి కావు. హౌస్ బాధ్యత ఉన్న ఉపాధ్యాయులకు వారపు పీరియడ్లు తగ్గించాలి. కనీసం మూడేళ్లు అదే హౌస్‌లో కొనసాగించాలి, ఎందుకంటే ఏటా మారే పెద్దల దగ్గర ఏ పిల్లా మనసు విప్పదు. వార్డెన్ పనికి వేరే మనుషులు కావాలి. ఏకలవ్య ఆదర్శ గురుకులాలకు 2023 నియామకాల్లో హాస్టల్ వార్డెన్ పోస్టులు విడిగా ఇచ్చారు. అది సాధ్యమైనప్పుడు నవోదయలోనూ రాష్ట్ర గురుకులాల్లోనూ ఎందుకు కాదు? ప్రతి హౌస్‌కు ఒక అమ్మాయి, ఒక అబ్బాయి సమాన హోదాతో కెప్టెన్లుగా ఉండాలి. ట్రోఫీకి లెక్కించే పాయింట్లలో సగమైనా తోటివారికి చదువులో సాయం, కొత్తవారి సంరక్షణ, ఉమ్మడి పనులకు దక్కాలి. ఒకరి తప్పుకు హౌస్ అంతటికీ కోత పడకూడదు. హౌస్ మాస్టర్‌పైనే ఫిర్యాదు చేయాల్సి వస్తే ప్రిన్సిపాల్ దగ్గరికి, కౌన్సెలర్ దగ్గరికి, 1098 నంబరుకు చేరే దారి ప్రతి డార్మిటరీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి.

వసతి లేని పట్టణ బడులకు కూడా ఇందులో పాఠం ఉంది. వాళ్లు హౌస్ పేరిట టీషర్టులు అమ్మడం మానేసి, వారానికి ఒక్క గంట హౌస్‌కు కేటాయించినా చాలు. ఆ గంటలో వేర్వేరు తరగతుల, వేర్వేరు సెక్షన్ల ఆడపిల్లలూ మగపిల్లలూ ఇరవై మంది ఒక ఉపాధ్యాయురాలి చుట్టూ కూర్చుని మాట్లాడుకోవాలి. మార్కుల సంగతి మిగిలిన గంటలన్నీ చూసుకుంటాయి.

ఇదంతా ఖర్చు అనేవారు ఉంటారు. ఒక గురుకుల ప్రాంగణానికి వందల కోట్లు వెచ్చించగల ప్రభుత్వాలకు ప్రతి ఇరవై మంది పిల్లలకు ఒక సంరక్షకుడిని ఇవ్వడం భారం కాదు. జీవితమంతా పోటీయే కదా, చిన్నప్పటి నుంచే అలవాటు కావాలి అనేవారూ ఉంటారు. పోటీని నేర్పడానికి మన దగ్గర ప్రవేశ పరీక్షలు చాలినన్ని ఉన్నాయి. తోటివారి బరువు పంచుకోవడం నేర్పే చోట్లే తక్కువ. విద్యాసంవత్సరం చివర ఏ హౌస్ ఎన్ని పాయింట్లు గెలిచిందో ప్రకటించే ప్రతి ప్రధానోపాధ్యాయుడూ, ప్రధానోపాధ్యాయురాలూ ఆ రోజే మరో లెక్క కూడా బడి ముందు ఉంచాలి: ఈ ఏడాది ఎంతమంది పిల్లలు చదువు మధ్యలో బడి వదిలి వెళ్లారు, వారిలో ఏ హౌస్ నుంచి ఎందరు, వారి కోసం ఆ హౌస్ ఏం చేసింది. విద్యాశాఖలు అడగాల్సిన నివేదిక అదే. దాన్ని వచ్చే విద్యాసంవత్సరం నుంచే అడగడం మొదలుపెట్టాలి.